చప్పుడు లేని బండి

మా అక్క మొగుణ్ణి వీధిలో అందరూ సైలెంటు మేస్త్రి అంటారు. మనిషి సైలెంటేమీ కాదు, నోరు విప్పితే ఆపడం మా అక్కవల్ల కూడా కాదు. ఆయన చేతిలో పడిన ఇంజను చప్పుడు లేకుండా తిరుగుతుందని ఆ పేరు. చుట్టుపక్కల మెకానిక్కులు కూడా ఒక బండి స్టార్టు చేసి వినగానే, ఇవి మేస్త్రి బిగించిన టాపెట్లే అని చెప్పేసేవాళ్లు. ఆ మాట చెవిన పడితే మా బావ పైకి విసుక్కునేవాడు, లోపల తెగ మురిసిపోయేవాడు.

ఆయన షెడ్డు పక్కనే నా స్పేరుపార్టుల దుకాణం. మధ్యలో ఒక్క రేకు గోడ. ఆయన అవతల ఎవర్నైనా తిడితే ఇవతల నా అరల్లో బేరింగులు గలగలమంటాయి. కాబట్టి ఇంజన్ల సంగతి నేర్చుకోకుండానే నాకు కొంత అబ్బింది. తెలియనివాళ్లకి చెప్పాలంటే, ఇంజనులో గాలి వచ్చిపోయే తలుపులే వాల్వులు. వాటిని పైనుంచి నొక్కే ఇనుప చేతికీ, వాల్వు కొసకీ మధ్య రవ్వంత సందు ఉండాలి. ఆ సందు సరిచేయడాన్నే టాపెట్లు బిగించడం అంటారు. సందు ఉంటే కాస్త టకటకమంటుంది. బొత్తిగా లేకపోతే చప్పుడూ ఉండదు. ఎంత ఉండాలో కొలవడానికి పలచటి రేకుల గేజి ఒకటి ఉంటుంది. మా బావ దగ్గరా ఉంది, దానితో ఆయన ప్లగ్గుల మసి గీకేవాడు. టాపెట్లు మాత్రం ఇంజను తిరుగుతుండగానే, పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, చప్పుడు మాయమయ్యేదాకా తిప్పి నట్టు బిగించేవాడు. గేజి చెవులు లేనివాళ్లకి అనేవాడు. చప్పుడు చేసే ఇంజను రోగిష్టి ఇంజను అని వచ్చినవాళ్లందరికీ నూరిపోసేవాడు. వీధి వీధంతా నమ్మింది. నేనూ నమ్మాను.

బావకి ఒక అన్న. మాకు పెద్దబావ. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచి, ఒక షెడ్డులో పనికి పెట్టింది ఆయనే. నోట్లో నాలుక లేని మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక పాత వ్యాను. పెట్రోలుతో వేగలేక దాన్ని ఎప్పుడో గ్యాసుకు మార్పించాడు. కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లని పొద్దున్నే తీసుకెళ్లి సాయంత్రం ఇళ్ల దగ్గర దింపడం ఆయన పని. వాళ్లు బాబాయ్ అనీ అన్నయ్య అనీ పిలుస్తూ ఆయన చెవిలో ఊళ్లో కబుర్లన్నీ పోసేవాళ్లు. స్టీరింగు ముందు కూర్చున్నంతసేపూ ఆయన ముఖం కళకళలాడేది. దిగాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలిసేది కాదు.

ఆ వ్యానుకి వాల్వుల జబ్బు పట్టుకుంది. చల్లగా ఉన్నప్పుడు అంటుకోదు, అంటుకుంటే కుంటుతుంది, ఎత్తు ఎక్కలేదు. హెడ్డు విప్పి చూస్తే మూడో సిలిండరులో పొగని బయటికి వదిలే వాల్వు అంచు కాలి, ఎలుక కొరికినట్టు ఉంది. బావ కొత్తది వేశాడు. కొన్నాళ్లకే మళ్లీ అదే వాల్వు, అదే కాటు. ఈసారి వాల్వు ఆడే గొట్టం అరిగిందని ఆ గైడు మార్చాడు, వేడెక్కుతోందేమోనని రేడియేటరు కడిగించాడు. మళ్లీ కాలింది. అప్పుడు ఆయన కోపం రేకు గోడ దాటి నా మీదికి వచ్చింది. నేను అమ్మే వాల్వులు దొంగ సరుకన్నాడు. అదీ కొనడానికి వచ్చినవాళ్ల ఎదుట! ఒంటికాలి మీద లేచాను. అక్క మధ్యకొచ్చి ఇద్దర్నీ తిట్టింది.

ఈలోగా ఫ్యాక్టరీవాళ్లు పెద్దబావకి చెప్పేశారు, బండి ఇంకొక్కసారి దారిలో ఆగితే వేరే వ్యాను చూసుకుంటామని. ఆయన ఆ సంగతి మాకు అన్నం తింటూ, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు. ముద్ద మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

నాలుగోసారి కుంటడం మొదలవగానే, సెలవు రోజు చూసి బండి షెడ్డుకి తెచ్చాడు. నాకు బావ మీద మంట ఇంకా తగ్గలేదు. దుకాణంలోంచి కొత్త గేజి తీసుకెళ్లి ఆయన ముందు పడేశాను. తప్పు నా వాల్వుదో కాదో, విప్పకముందు కొలిచి చూపించమన్నాను. నా నోరు మూయించాలనే కొలిచాడు. ఇంజను చల్లగా ఉంది. మూడో సిలిండరు దగ్గర రేకు దూరలేదు. అంతకంటే పలచటిది పెట్టాడు, అదీ దూరలేదు. అన్నిటికంటే పలచటిది వంగిపోయింది. మిగతా వాల్వుల దగ్గర ఏదో ఉందంటే ఉంది.

స్టూలు మీద కూలబడ్డాడు. వంగిన రేకుని వేళ్లతో సాపు చేస్తూ అన్నాడు.

"గ్యాసుకి వాల్వు వచ్చి కూర్చునే సీటు అరుగుతుందిరా. అరిగేకొద్దీ వాల్వు పైకి జరిగి సందుని తినేస్తుంది. తినడానికి నేను సందే ఉంచలేదు. తలుపు మూతపడక మంటలో కాలింది. నా చేత్తో నేనే కాల్చాను."

గెలిచాను కదా, సంతోషం కలగాలి. కలగలేదు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఇన్నేళ్లలో ఆ చెవి నమ్ముకుని వెళ్లిన బండ్లన్నీ ఆయన కళ్ల ముందు కదులుతున్నాయని తెలుస్తూనే ఉంది.

సీటు సరిచేసి, కొత్త వాల్వు వేసి, మొదటిసారి గేజి పెట్టి, ఉండాల్సినంత సందు ఉంచి బిగించాడు. బండి స్టార్టు చేస్తే టకటకమని చప్పుడు. పెద్దబావ తమ్ముడి వంక బిత్తరపోయి చూశాడు. ఈ చప్పుడు ఉంటేనే బండి బతుకుతుంది అన్నయ్యా, దాని జోలికి పోవద్దని బావ రెండు చేతులూ పట్టుకుని చెప్పాడు. పెద్దబావ సరేనని తలూపాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి బండినీ బావ గేజితోనే బిగించాడు. ప్రతి బండీ చప్పుడు చేసింది. జనం ఊరుకుంటారా? మేస్త్రి చెయ్యి పడిపోయిందన్నారు, చెవుడొచ్చిందన్నారు. ఆయన గొంతు చించుకుని ఎంత చెప్పినా ఒక్కడూ వినలేదు. చప్పుడంటే రోగమని నేర్పింది ఆయనే మరి! ఒక్కొక్కరే పక్క షెడ్లకి జారుకున్నారు. నా అమ్మకాలూ పడిపోయాయి, ఆ మాట అక్కతో కూడా అనలేదు.

వానలు పడుతుండగా ఒక పొద్దున పెద్దబావ వ్యానుని లారీకి కట్టి లాక్కొచ్చారు. ఎత్తు మీద పెద్ద మోతతో ఆగిపోయిందట. ఆడవాళ్లు తడుస్తూ నడిచి వెళ్లారట. బావ హెడ్డు విప్పాడు. కాలిన వాల్వు తల తెగి లోపల పడి, పిస్టన్ని పొడిచి, సిలిండరు గోడని చీల్చేసింది. ఆ రకం ఇంజన్లు ఇప్పుడు దొరకవు, ఎక్కడ దొరుకుతాయో అడగడానికి నాకంటే తెలిసినవాడు లేడు. ఫ్యాక్టరీకి సాయంత్రానికే వేరే వ్యాను వచ్చింది.

బావ మిగిలిన టాపెట్ల దగ్గర గేజి పెట్టి చూశాడు. ఒక్కదానిలోనూ రేకు దూరలేదు. నట్ల మీద కొత్తగా స్పానరు గీతలు. తల ఎత్తి అన్న వంక చూశాడు.

పెద్దబావ తడిసిన చొక్కాతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"బండెక్కినవాళ్లంతా నీ పనితనం పోయిందంటున్నార్రా. రోజూ అదే మాట. వినలేకపోయాను. నువ్వు బిగిస్తుంటే ఎన్నిసార్లు చూడలేదు? స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, చప్పుడు పోయేదాకా తిప్పాను. మళ్లీ అందరూ నీ పేరే చెప్పారు."

బావ గేజి రేకులు ఒక్కొక్కటే మడిచాడు. నేను ఏ తిట్టు వినబడుతుందోనని చూశాను.

"బాగా బిగించావన్నయ్యా," అన్నాడు. "అచ్చం నాలాగే బిగించావు."