డ్వైట్ చేతి కొలత

అమెరికాలోని మిస్సోరీ కొండల్లో వెర్లిన్ టాకెట్ యాభై ఏళ్లుగా పిస్తోళ్లకు అక్రోటు చెక్కతో పిడులు చెక్కుతున్నాడు. ముందు మనిషి చేతిని కాగితం మీద గీసుకుంటాడు, ఆ తర్వాతే ఉలి పట్టుకుంటాడు. నేస్తం డ్వైట్‌కి మాత్రం పాతికేళ్లనాటి గీతే చాలనుకుని, దాన్ని బట్టే కొత్త పిడి చెక్కాడు. ఆ చెయ్యి తనకు తెలియనిదా!

జబ్బుతో మంచం పట్టిన డ్వైట్ ఆ పిడి బిగించిన ఖాళీ పిస్తోలు పట్టుకుని చూశాడు. పిడి చుట్టూ వేళ్లు అందలేదు.

"ఎవడి కోసం చేశావురా ముసలోడా, ఎలుగుబంటి కోసమా?"

వెర్లిన్ నవ్వలేకపోయాడు. పాత కాగితం మీదే ఆ చేతిని మళ్లీ గీశాడు. కొత్త గీత పాతదానికి బాగా లోపలే ఉండిపోయింది.

"తొందరగా కానియ్. వచ్చే నెల గురి పందెంలో నిన్ను ఓడించాలి," అన్నాడు డ్వైట్.

వెర్లిన్ ఆకురాయితో పిడిని ఆ కొత్త గీతకి సరిపోయేలా అరగదీశాడు. పూసిన నూనె ఆరకముందే డ్వైట్ పోయాడు. మంచి చోటికే వెళ్లాడని పాస్టరు చెప్పాడు గానీ, అంత సన్నటి పిడి ఇక్కడ ఇంకెవరి చేతికీ పట్టదు.