రాక్షసుడి కథకు శెనక్కాయల ముగింపు

1953, కడప. రాజ్యాలను బూడిద చేసిన రాక్షసుడు, గుడ్డి రాణి, ఒక రైతు బతుకును తేల్చిన ఆఖరి పదహారు పేజీలు... ఇదొక మహాగాథ అని చెప్పుకోవాలని నాకూ ఉంది. నిజానికిది బైండింగులో నేను చేసిన తప్పు.

అప్పుడు నేనొక అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టేవాణ్ణి. పెద్ద కాగితానికి రెండు వైపులా అచ్చేసి మడిస్తే పదహారు పేజీలు. దాన్ని ఫారం అంటాం. ఫారాలను వరసగా పేర్చి కుడితే పుస్తకం. వరస తప్పితే ఏమవుతుందో వెంకటరెడ్డి వచ్చి చెప్పాడు. ఆయన రాయచోటి వైపు మెట్టరైతు. మేం అచ్చేసిన రాక్షసుడి నవల తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏమప్పా, ఇది కుట్టింది నువ్వేనా? రాచ్చసుడు ఊర్లన్నీ మింగినాక, తొలకరికి రెండుసార్లు దున్ని శెనక్కాయలు ఇత్తమన్నాడే, ఆడ నాకు ఏడుపొచ్చింది."

నాకూ వచ్చింది. ఆఖరి ఫారం బదులు వ్యవసాయ పుస్తకం ఫారం కుట్టేశాను.

"రెండేండ్లు వాన లేదు. ఇత్తనం కాయలు గానుగకేసి, ఎర్రగుంట్లకు రాళ్లు కొట్టను పోదామనుకుంటి. ఇది సదివి ఆగినా. మా బామ్మర్ది నగుతాండాడు, కథ అట్ల అయిపోదంట. నిజం చెప్పు, రాచ్చసుడు సస్తాడా? కాయలు బయట బండిలోనే ఉండాయి."

"చచ్చినాడని చెప్పి పంపురా" అని గొణిగాడు మా యజమాని. ఆ నవల ఉత్త దిగులని ఆయన అభిప్రాయం. నాదీ అదే. అయినా అసలు ఫారం వెతికి తీశాను.

"సావడు రెడ్డన్నా. గుడ్డి రాణి ఒక్కతే మిగుల్తాది. రోజూ పొద్దున్నే లేచి, నిప్పు ఉండాదేమో అని పొయ్యిలో బూడిద తడుముతాది. అంతే, అయిపోయింది."

"దొరుకుతాదా?"

"రాయలేదు."

"రోజూ లేస్తాది గదా?"

"లేస్తాది."

"నిప్పు లేదనుకున్న మనిషి పొద్దున్నే యాల లేస్తాదప్పా?"

సూది అందుకున్నాను. తప్పు ఫారం విప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"శెనక్కాయలది తియ్యొద్దు. దాని ముందర ఇది కుట్టు."

బండి గానుగకు పోలేదు, ఊరి దారి పట్టింది. ఆ ఏడు వాన పిసినారిగానే పడింది, కానీ పడింది. పంట పీకాక వెంకటరెడ్డి మూటెడు పచ్చికాయలు తెచ్చాడు. ఉడకబెట్టుకు తింటూ యజమాని ఆ నవల మళ్లీ చదివాడు. దిగులన్న మాట ఈసారి అనలేదు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది: ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున పుస్తకం పేరుతో పాటు చిన్న అంకె ఉంటుంది. కుట్టే ముందు అది చూసుకోవాలి.