ఎడమ చేతి క్లచ్

బైకు మీద రెండు జీడిపిక్కల బస్తాలు వేస్తే ఇంజను అరుస్తోంది గాని బండి కదలడం లేదు. ఈ రోజు పలాసలో మెకానిక్‌కు చూపించాను. క్లచ్‌కు కొత్త ప్లేట్లు, గట్టి స్ప్రింగులు వేశాడు. బండి బరువు లాగుతోంది గాని, క్లచ్ నొక్కడం నా వల్ల కాలేదు.

“కాస్త మెత్తగా సెయ్ బాబూ,” అన్నాను.

“ఏటి మావా, బస్తాలు మోత్తావు, క్లచ్ నొక్కనేవేటి? పొద్దున్న గంజి తాగలేదేటి?” అని నవ్వాడు.

చొక్కా ఎడమ చెయ్యి పైకి మడిచాను. డయాలసిస్ సూదుల కోసం కిందటి నెల ఆపరేషన్ చేసిన చెయ్యి అది. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో దాని గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అతని నవ్వు ఆగిపోయింది. “మా యమ్మకీ ఈ సెయ్యే మావా,” అని, ఇంజను దగ్గర కేబులు లాగే ఆర్మ్ విప్పి ఇంకాస్త పొడవైనది బిగించాడు. ఇప్పుడు క్లచ్ రెండు వేళ్లకే వస్తోంది.

“ఇకనుంచి ఒక్క బస్తాయే ఏసుకో,” అన్నాడు. సరే అన్నాను. ఇద్దరికీ తెలుసు, ఒక్కదానితో సరిపెట్టనని.

గేర్లు లేని స్కూటరు కొనుక్కోమని మాత్రం కామెంట్లలో ఎవరూ రాయకండి. ఇలాంటి చేత్తోనే బండి నడుపుతున్నవాళ్లుంటే, ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.