గుట్ట మీద గాలి, చర్చిలో మా అమ్మ

హైదరాబాద్ పొలిమేరల్లో లాల్‌గడి మలక్‌పేట్ దాటాక పొలాల మధ్య ఒక గుట్ట ఉంది. దాన్ని కొండ అనడానికి నాకే మొహమాటం. హిమాచల్‌లో ఎగిరొచ్చిన వాళ్లు దీన్ని చూస్తే నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, మాకున్నది అదొక్కటే. ఆదివారం తెల్లవారగానే నలుగురైదుగురం కొంపల్లి నుంచి, సుచిత్ర సర్కిల్ నుంచి బైకుల మీద పెద్ద పెద్ద సంచులు వీపుకు కట్టుకొని అక్కడికి చేరతాం. సంచుల్లో ఉండేది పారాగ్లైడర్. మా భాషలో రెక్క. దారిలో చాయ్ బండి ఆయన చాలా రోజులు మమ్మల్ని పరుపులు అమ్ముకునేవాళ్లు అనుకున్నాడు. డబుల్ కాట్‌ది ఎంతకిస్తారని ఒకసారి అడిగాడు కూడా.

నాది సుచిత్ర దగ్గర కళ్లద్దాల దుకాణం. వారమంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కింది వరుస కనబడుతోందా లేదా అని అడుగుతుంటాను. కొన్నేళ్ల క్రితం కుటుంబంతో హిమాచల్ వెళ్లినప్పుడు ఒక పైలట్ ముందు పార్శిల్‌లాగా వేలాడుతూ ఒకసారి ఎగిరాను. దిగాక అందరూ ఫొటోలు చూసుకుంటున్నారు, నేను మాత్రం ఆ తాళ్లు ఆయన చేతిలో కాకుండా నా చేతిలో ఉంటే ఎట్లా ఉండేదో అనుకుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చినా ఆ పిచ్చి పోలేదు. నలభై అయిదు దాటిన మనిషికి, అందులోనూ కాస్త పొట్ట ఉన్న మనిషికి, ఇంత కొత్త పిచ్చి పట్టడం మా ఆవిడకు తమాషాగా ఉండేది. ఆమె నవ్వి ఊరుకుంది. ఊరుకోనిది మా అమ్మ.

మాకు నేర్పేది షామీర్‌పేట ఆయన. అందరం ఉస్తాద్ అంటాం. వాళ్ల ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, మాతో తెలుగూ దక్కనీ కలిపి తిడతాడు. వాళ్లది టెంట్ హౌస్. పెళ్లిళ్లకు షామియానాలు వేస్తారు. "గుడ్డ, తాడు, గాలి. మా ఖాన్దాన్‌కు ఇవి తాతల కాడికెల్లి ఎరుకే భాయ్. వాళ్లు ఎగరకుంట కట్టిండ్రు, నేను ఎగరనీకె కడుతున్న" అని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. మాకు అది కంఠతా వచ్చేసింది.

మొదటి నెలలు నేలమీదే. రెక్కను నేలమీద పరచడం, గాలికి ఎదురుగా లాగి నెత్తిమీద నిలబెట్టడం, అది పక్కకు పడిపోతే తాళ్లు విప్పుకొని మళ్లీ పరచడం. ఆ తర్వాత గుట్ట సగం నుంచి చిన్న చిన్న దూకుళ్లు. నాకు మిగిలింది గుట్ట కొస నుంచి సొంతంగా ఎగరడం. దానికి చలికాలపు తూర్పు గాలి నిలకడగా ఉండాలి. దుకాణం ఉంది కాబట్టి నాకు ఆదివారం తప్ప వీలు కాదు. పది గంటలకు మళ్లీ చర్చిలో ఉండాలి. అంటే నా ఆకాశం మొత్తం ఆదివారం పొద్దుట రెండు గంటలే.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. మేం దిగే చోటు ఎర్రమట్టి చేను. దాన్ని ప్లాట్లు చేశారు. ముందు హద్దురాళ్లు వచ్చాయి. రాళ్లను తప్పించుకొని దిగడం నేర్చుకున్నాం. తర్వాత ఒక మూలగా కరెంటు స్తంభాలు లేచాయి. "తీగలు గుంజేదాకనే మన ఆట. గుంజినంక ఈడ దిగుడు ఖతం" అన్నాడు ఉస్తాద్. రెండు నెలల్లో గుంజుతారని స్తంభాలు పాతేవాళ్లు చెప్పారట. ఆ గుట్ట మీద నుంచి ఒక్కసారైనా ఎగరకుండా ఆ చేను పోతే నేనిక ఈ జన్మలో ఎగరనని గట్టిగా అనిపించింది. హిమాచల్ వెళ్లి నేర్చుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. కళ్లద్దాల దుకాణం మూసి నెలరోజులు ఎవడు వెళతాడండీ?

సరిగ్గా అప్పుడే మా అమ్మ ఈ విషయాన్ని చర్చికి తీసుకెళ్లింది.

మా చర్చిలో ఆరాధన మధ్యలో ప్రార్థన మనవులు అడుగుతారు. ఒంట్లో బాగాలేనివాళ్లు, పరీక్షలున్నవాళ్లు, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు లేచి చెప్పుకుంటారు. అయ్యగారు, అంటే మా పాస్టర్ గారు, అన్నిటినీ కలిపి దేవుడికి విన్నవిస్తారు. ఆ ఆదివారం అమ్మ లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పుల గురించేమో అనుకున్నాను.

"అందరికీ వందనాలు. నా కొడుకు ఆదివారం ఆదివారం గుట్ట మీదికెల్లి దుంకుతాండు. దేవుడు వానికి మంచి బుద్ధి ఇచ్చి ఆ పని బంద్ జేపియ్యాలె. అప్పటిదాక ఆ గాలినన్న జర ఆపాలె. అందరు ప్రార్థనల జ్ఞాపకం జేసుకోండ్రి" అంది, కూర్చుంది.

చర్చి మొత్తం నా వైపు తిరిగింది. పక్క వరుసలోని పెద్దావిడ నా చెయ్యి పట్టుకొని, "ఏమైంది బిడ్డా? ఇంట్ల ఏమన్న లొల్లా?" అని మెల్లగా అడిగింది. లేదని తల ఊపేలోపే అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే తొందరగా తేలదు. నా పేరు చెప్పి, గుట్ట సంగతి చెప్పి, గాలినీ సముద్రాన్నీ గద్దించిన ప్రభువును తలుచుకొని, ఈ బిడ్డను నేలమీద నిలపమని వేడుకున్నారు. నేను అప్పటికే ఎక్కడో ఉన్నాను. ఆ పొద్దుట రెక్క ఎందుకు ఎడమకే ఒరిగిందా అని ఆలోచిస్తున్నాను. ప్రార్థన ముగిసింది. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు. అందరికంటే పెద్ద గొంతుతో "ఆమెన్" అన్నాను.

కారులో కూర్చోగానే అమ్మ అందుకుంది. "నువ్వు గూడ అన్నవ్."

"ఏమన్న?"

"ఆమెన్ అన్నవ్. దేవుని ముందట, సంఘం ముందట ఒప్పుకున్నవ్. ఇగ పోవుడు లేదు."

"అలవాటుల అన్ననే అమ్మా!"

"దేవునికి గూడ అట్లనే చెప్తవా?"

నాకు ఒళ్లు మండింది. ఆమెన్ అన్నంత మాత్రాన కాళ్లు కట్టేసినట్టా? తర్వాతి ఆదివారం కావాలనే ఇంకా ముందు లేచి వెళ్లాను. గుట్ట మీద ఆకు కూడా కదలలేదు. ఆ మరుసటి ఆదివారమూ అంతే. గాలి జాడ తెలియడానికి కర్రకు కట్టిన రంగు గుడ్డ ఉరేసుకున్నట్టు వేలాడుతోంది. చర్చిలో మనవి మాత్రం ప్రతి వారం తప్పకుండా వెళుతోంది. నేను నోరు గట్టిగా మూసుకొని కూర్చుంటున్నాను. ఈ కథంతా విని ఉస్తాద్ రాయి మీద కూలబడి నవ్వాడు.

"మీ అమ్మ దువా మస్తు గట్టిగున్నది భాయ్! నీ ఒక్కనికి ఆపుమంటే మా అందరి గాలి ఆగింది. పోయి మాట్లాడు. లేకుంటే మేమే వచ్చి చర్చిల నిలబడతం."

ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఇంటికి వెళ్లి అరిచాను. నాలుగు గోడల మధ్య చెప్పాల్సింది ఊరందరి ముందు పెడతావా, దుకాణానికి వచ్చినవాళ్లు కళ్లు చూపించుకోవడం మాని నా మొహం వంక జాలిగా చూస్తున్నారు, నేనేమైనా చిన్నపిల్లాడినా అని నోటికొచ్చినదంతా అన్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను అలిసిపోయేదాకా ఆగింది.

"మీ నాయిన ప్రతి క్రిస్మస్‌కు చర్చి గోపురానికి సున్నం ఏస్తుండె. ఎరుకేనా?"

"ఎరుకే."

"అంత పొడుగు నిచ్చెన. ఎక్కొద్దని ఏనాడన్న అన్ననా? కింద నిలబడి పట్టుకుంటుంటి. దిగేదాక ఇడువకపోతుంటి. నువ్వు ఎక్కితే నేనేం పట్టుకోవాలె? ఆడ ఏముంది పట్టుకోనీకె? ఇంట్ల కూసుంటే చేతులు ఆగుతలేవు. అందుకే ప్రార్థన పట్టుకున్న."

కోపం ఎక్కడికి పోయిందో పోయింది. కానీ అంత తొందరగా మెత్తబడ్డానని తెలిస్తే నామోషీ కదా. అందుకని, "అయితే వచ్చి పట్టుకో" అని విసురుగా అనేసి లోపలికి వెళ్లిపోయాను.

తర్వాతి ఆదివారం చీకటితోనే లేచి హాల్లోకి వస్తే అమ్మ సోఫాలో కూర్చొని ఉంది. చర్చికి కట్టుకునే తెల్ల చీర, దాని మీద స్వెట్టర్, కాళ్లకు మా ఆవిడ వాకింగ్ షూస్, ఒళ్లో బైబిల్ సంచి.

"పట్టుకో అన్నవ్ గదా, నడువు" అంది.

గుట్టకు వెనకవైపు నుంచి వాలు తక్కువ. అటు నుంచి మెల్లగా ఎక్కించాం. ముందే ఫోన్ చేసి చెప్పడం వల్ల ఉస్తాద్ వాళ్ల టెంట్ హౌస్ నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోసుకొచ్చాడు. "సలాం అమ్మా. కూసోండ్రి. మీరు జర గాలిని ఇడిసిపెడితే మేం ఎగురుతం" అన్నాడు. అమ్మ ఆయనను కింది నుంచి పైదాకా చూసింది. "నా చేతుల ఏముంది నాయినా, అంత ఆయన చేతుల ఉన్నది" అంది. అన్నదే గానీ, ఆ పొగడ్త ఆమెకు నచ్చినట్టే నాకు అనిపించింది.

కాసేపటికి గడ్డి పోచలు కదిలాయి. రంగు గుడ్డ లేచి మా వైపు తిరిగింది. తూర్పు గాలి, నిలకడగా. ఉస్తాద్ నా వంక చూసి గడ్డం ఎగరేశాడు. రెక్క పరిచాను. పట్టీలు బిగించుకున్నాను. రెక్క లేచేటప్పుడు గాలి కాస్త జోరుగా ఉంటే మనిషిని వెనక్కి ఈడ్చేస్తుంది. అందుకని చెరో పక్క ఒకరు పట్టీ పట్టుకొని ఆపుతారు. కుడివైపు ఉస్తాద్ నిలబడ్డాడు. ఎడమవైపు ఎవరని చూసేసరికి అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది.

"గిదేనా పట్టుకునేది?"

"గదే అమ్మా. గట్టిగ పట్టుండ్రి. నేను ఇడువుమన్నప్పుడు ఇడువుండ్రి" అన్నాడు ఉస్తాద్.

రెక్కను లాగాను. గరగరమంటూ లేచి నెత్తిమీద నిలబడింది. పట్టీలు భుజాలను పైకి లాగుతున్నాయి. ఉస్తాద్ అటు ఇటు చూసి, "సై. ఇడువుండ్రి అమ్మా" అన్నాడు, తను వదిలేశాడు. అమ్మ వదల్లేదు. చూస్తే కళ్లు మూసుకొని ఉంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన మొదలుపెట్టింది!

మా ఇంట్లో ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడరు. అన్నం ఉడికిపోతున్నా, ఫోన్ మోగుతున్నా ఆగాల్సిందే. ఉస్తాద్‌కు ఈ సంగతి తెలియకపోయినా, ఎదుటివాళ్లు దేవుడితో మాట్లాడుతుంటే ఆగాలని తెలుసు. తన వైపు పట్టీ మళ్లీ పట్టుకొని తల వంచి నిలబడ్డాడు. మిగతావాళ్లు టోపీలు తీశారు. నేను మాత్రం పైకి చూస్తూ, రెక్క ఎడమకు ఒరిగితే కుడికి, కుడికి ఒరిగితే ఎడమకు లాగుతూ, దాన్ని అట్లాగే నిలబెట్టాను. అన్ని నెలల్లో అంతసేపు ఎప్పుడూ నిలబెట్టలేదు. అమ్మ ఏం అడుగుతోందో గాలికి నాకు వినబడలేదు. చివరికి కళ్లు తెరిచింది. నా మొహం చూసింది. పట్టీ మీద ఆమె వేళ్లు ఒక్కొక్కటే సడలాయి.

"పో బిడ్డా" అంది.

మూడు నాలుగు అంగలు వేశాను. తర్వాతి అంగకు కాళ్ల కింద నేల లేదు.

ఎంతసేపు ఎగిరానంటారా? ఒక కీర్తన పల్లవి నిదానంగా పాడుకునేంత. అంతే. కానీ తాళ్లు నా చేతిలో ఉన్నాయి. దూరంగా షామీర్‌పేట చెరువు మెరుస్తోంది. రింగ్ రోడ్డు మీద లారీలు చప్పుడు లేకుండా పోతున్నాయి. కింద హద్దురాళ్లు వరుసలు వరుసలుగా తెల్లగా ఉన్నాయి. గట్టిగా అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. స్తంభాలకు బాగా ఎడంగా తిరిగి, రెండు రాళ్ల మధ్య కూలబడ్డట్టుగా దిగాను. ప్యాంటు నిండా ఎర్రమట్టి. చెయ్యి విరగలేదు, కాలు విరగలేదు. ఒక్కడినే పిచ్చివాడిలా నవ్వుకుంటున్నాను.

జేబులో ఫోన్ మోగింది. అమ్మ.

"దిగినవా?"

తల ఎత్తి చూశాను. గుట్ట కొసన తెల్ల చీర స్పష్టంగా కనబడుతోంది. "నీకు కనబడుతలేనా?"

"కనబడుతున్నవ్. నీ నోటితోని చెప్పు."

"దిగిన అమ్మా" అన్నాను. అంతవరకు నవ్విన వాడికి ఎందుకో ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"సరే. కుర్చీ మంచిగనే ఉన్నది గాని, నన్ను దించుకపోనీకె పైకి రా" అంది, ఫోన్ పెట్టేసింది.

రెక్కను అక్కడే వదిలేసి గుట్టెక్కాను. అమ్మ నా భుజం పట్టుకొని మెల్లగా దిగుతోంది. మోకాళ్లు నొప్పెడుతున్నాయని మధ్యలో రెండుసార్లు ఆగింది. చర్చికి ఎట్లాగూ ఆలస్యమే. ఆ మాట ఆమె ఎత్తలేదు. రెండోసారి ఆగినప్పుడు కింద చేనులోని స్తంభాల వైపు చాలాసేపు చూసింది.

"గా తీగలు ఎప్పుడు గుంజుతరట?"

"వచ్చే నెలట."

"అయితే వచ్చే ఆదివారం ఇంకింత జల్దీ లేవాలె" అంది.