అక్క రాని అండమాన్

అండమాన్ వెళ్దామన్నది అక్కే. అప్పటికి మా ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. పటమటలో ఒక అద్దె ఫ్లాట్లో ఇద్దరమే ఉండేవాళ్లం. తను ఆసుపత్రిలో నర్సు, నేను స్కూల్లో లెక్కల టీచర్ని. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక మంచం మీద బోర్లా పడుకుని, ఫోన్లో ఆ దీవుల వీడియోలు చూసేవాళ్లం. చివరికి దసరా సెలవుల్లో వెళ్లే ఒక టూరుకి ఇద్దరి పేర్లూ ఇచ్చేశాం.

ఆ తర్వాత అక్కకి సంబంధం వచ్చింది, యాభై దాటాక. ఆయనకి హనుమాన్ జంక్షన్‌లో ఎరువుల షాపు ఉంది. భార్య పోయి చాలా ఏళ్లయింది. నెమ్మదైన మనిషి. "చేసుకో అక్కా" అని ముందు అన్నది నేనే, మనస్ఫూర్తిగానే అన్నాను. పెళ్లయ్యాక టూరు సంగతి వచ్చేసరికి మాత్రం అక్క తలొంచుకుని, "ఇది ఎరువుల సీజనే, ఆయన షాపు వదిలి రాలేరు. ఆయన్ని వదిలి నేనెలా వస్తాను? నువ్వు మానకు" అంది.

మానలేదు. అక్కడ మమ్మల్ని తిప్పిన టూరు బస్సులో అందరూ జంటలే. నా పక్క సీట్లో వాళ్ల బ్యాగులు పెట్టుకుంటామని అడిగితే పెట్టుకోమన్నాను. పోర్ట్ బ్లెయిర్‌లో జైలు చూపించారు. రాస్ దీవిలో, చెట్ల వేళ్లు పాకి నిలబడ్డ పాత చర్చి గోడల మధ్య జింకలు మనుషుల చేతుల్లోంచి బిస్కెట్లు తింటున్నాయి. అద్దం అడుగున్న పడవలోంచి పగడాల్నీ, చారల చేపల్నీ చూశాం. ప్రతిచోటా "అక్కా, అటు చూడు" అనబోయి ఆగిపోయేదాన్ని. ఒకసారి ఆగలేకపోయాను. పక్కనున్నావిడ "నన్నేనా అండీ?" అంది.

హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్‌కి సాయంత్రం చేరాం. తెల్లటి ఇసుక, వెనక ఆకాశమంత చెట్లు. అందరూ నీళ్లలోకి పరుగెత్తారు. "మీరెలాగూ దిగరుగా టీచర్ గారూ, కాస్త ఇవి చూస్తారా?" అంటూ ఫోన్లూ, చెప్పులూ, కళ్లజోళ్లూ నా ముందు పోసి వెళ్లారు. దిగనని నేనెవరితోనూ అనలేదు.

అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"బీచ్‌లో."

"ఎలా ఉంది?"

"వీడియోలో కంటే బాగుంది. నీళ్లు నిజంగానే పచ్చగా ఉన్నాయి."

"ఇక్కడ ఆయన ఎనిమిదింటికల్లా పడుకుంటారే. టీవీ పెడితే నిద్ర చెడుతుందని పెట్టను. ఊరికే కూర్చుంటాను" అంది అక్క.

"బాగా చూసుకుంటున్నారా?"

"చాలా బాగా చూసుకుంటారు. అందుకే ఎవరితోనూ అనలేను."

అక్క సముద్రం చప్పుడు వినిపించమంది. ఫోన్ అలల వైపు తిప్పి పట్టుకున్నాను. మళ్లీ చెవి దగ్గర పెట్టుకునేసరికి లైన్ కట్టయిపోయి ఉంది. అక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు.

తిరిగొచ్చిన రోజు గన్నవరం ఎయిర్‌పోర్టుకి బావగారూ అక్కా కారులో వచ్చారు. వాళ్ల ఊరు అటు, పటమట ఇటు. అయినా నన్ను దింపి వెళ్తామన్నారు.

"ఏమ్మా, చూడదగ్గవి ఏమేం ఉన్నాయి అక్కడ? వచ్చే ఏడాది మీ అక్కని తీసుకెళ్దామనుకుంటున్నా" అన్నారు బావగారు.

చెప్పాను. జైలుకి సాయంత్రం వెళ్లమన్నాను, రాస్ దీవిలో జింకలకి బిస్కెట్లు పట్టుకెళ్లమన్నాను, అద్దం పడవ తప్పకుండా ఎక్కమన్నాను. చాలా సరదాగా గడిచినట్టే చెప్పాను. ముందు సీట్లో అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటి దగ్గర బావగారు కారులోనే ఉండిపోయారు. నా సూట్‌కేసు పట్టుకుని అక్క పైకొచ్చింది. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగింది. పడకగది గుమ్మంలో నిలబడి, "నా మంచం ఏదే?" అంది.

"హాల్లో వేశాను. పేపర్లు దిద్దుకోడానికి."

"మంచిదే. గదిలో గాలాడుతోంది" అంది.

నేను కాఫీ పెడతానన్నాను. కింద హారన్ మోగింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి, మెట్లు దిగి వెళ్లిపోయింది.