ఆరు రకాల వాగ్దానాలు

మా వేదనాయకపురంలో ఏ ఇంటికి వెళ్లినా తలుపు లోపలివైపు బంగారు అంచు కార్డు ఒకటి అంటించి ఉంటుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైన దేవుడి వాగ్దానం, కింద చర్చి సంఘం సెక్రటరీ తంగదురై బట్టల కొట్టు పేరు. రెండింట్లో ఏవి పెద్దక్షరాలో వేరే చెప్పక్కర్లేదు. ఆ కార్డులు కావాలని కమిటీలో చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. నా వాటా దాచుకుని మాసిలామణి కథ చెబితే అది ఇంకా రోత.

మాసిలామణి పాత మిషన్ అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. ఆఫీసు మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చి, భుజాన ఓ గుడ్డసంచీతో ఇంటింటికీ తిరిగేవాడు. సంచీలో అనుదిన ధ్యానాల పుస్తకాలు, పిల్లల ప్రార్థనల పుస్తకాలు, పాటల పుస్తకాలు. ఎవరైనా "సాయంత్రం ప్రార్థనకి మంచి పుస్తకం ఏదైనా ఇవ్వండి" అంటే వెంటనే ఇచ్చేవాడు కాదు. ఇంట్లో ఎంతమంది, చదవడం వచ్చినవాళ్లెవరు, పొయ్యి ఎన్నింటికి ఆర్పుతారు అని పోలీసులా ఆరా తీసేవాడు. మొగుడు తాగొచ్చే ఇంటికి చిన్న చిన్న ధ్యానాలున్న పుస్తకం ఇచ్చి, "పది నిమిషాలు దాటితే వాడు లేచిపోతాడమ్మా, అంతలోనే ముగించు" అనేవాడు. నేను అడిగితే మాత్రం ఏమీ ఇవ్వలేదు. "మీ దగ్గర పుస్తకాలు ఎక్కువైపోయాయి మాస్టారూ. ముందు ఉన్నవి చదవండి" అన్నాడు.

నోటిదురుసు మనిషి. పట్నం నుంచి ఎవరో బోధకుడు తన ఫోటోతో పంచిన క్యాలెండరు నా ఇంట్లో చూసి, "ఇందులో యేసు ఎక్కడున్నాడు? ఓహో, ఈ మూల ఉన్నాడు, పాపం, బోధకుడి భుజం అడ్డొచ్చింది" అన్నాడు. ప్రార్థించిన నూనె అని సీసాలు అమ్ముకోవడానికి గుడి ముందు బల్ల వేసినవాణ్ణి చూసి ఛీ అని మొహం తిప్పుకుని, "దీంతో అప్పడాలన్నా వేగుతాయా?" అని అడిగాడు. ఆ బల్ల మళ్లీ ఆదివారం కనిపించలేదు.

కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక మా గుడిలో ఇంటికొకరు ముందుకు వెళ్లి తాటాకు పెట్టెలో చెయ్యిపెట్టి ఒక కార్డు తీసుకుంటారు. దాని మీది వాక్యం ఆ ఏడాదికి ఆ ఇంటిది. తలుపు వెనక అంటించి, రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనకి కూర్చోగానే ముందు దాన్నే చదువుతారు. ఆ కార్డులు ఇరవై రెండేళ్లు మాసిలామణే రాశాడు. రెండు వందల పన్నెండు ఇళ్లు, రెండు వందల పన్నెండు వాక్యాలు. ఒకసారి రాసింది మళ్లీ రాసేవాడు కాదు. పాత క్యాలెండర్ల అట్టలు కత్తిరించి, పాళీ ముంచి, గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. వాటిలో ఓదార్పు ఉండేది, దీవెన ఉండేది, చీవాట్లూ ఉండేవి.

ఒక ఏడాది రేషన్ డీలరుకి దొంగ తూకం దేవుడికి అసహ్యం అన్న కార్డు వచ్చింది. గుడి మొత్తం నోరు మూసుకుని నవ్వింది. ఆ ఏడాది మా ఊళ్లో పంచదార కిలోకి కిలో తూగింది. ఇంకో ఏడాది నాకు నాలుకని అదుపులో పెట్టుకోమని వచ్చింది. మా ఆవిడ దాన్ని తలుపు వెనక కాకుండా, నేను అన్నానికి కూర్చునే చోట ఎదురుగోడకి అంటించింది.

అంతా సాఫీగానే సాగేది, తంగదురైకి ఆ కార్డు రాకపోయి ఉంటే. మూడో బట్టల కొట్టు తెరిచిన నెలకే కొత్త సంవత్సరం వచ్చింది. పెట్టెలో చెయ్యి పెడితే, గాదెలు పెంచుకుంటూ పోయే వెర్రివాడా, ఇవాళే నీ ప్రాణం అడిగితే ఇదంతా ఎవరిదవుతుంది అన్న వాక్యం చేతికొచ్చింది. అక్కడే మొహం మాడ్చుకున్నాడు. మళ్లీ క్రిస్మస్ దాకా కడుపులో పెట్టుకుని, డిసెంబరు కమిటీలో కక్కాడు.

"పండగపూట జనం నోట్లో తాటిబెల్లం పెడతారా, వేపాకు పెడతారా? శివకాశిలో రంగుల్లో అచ్చు వేయిస్తాను. ఖర్చు నాది. అన్నీ దీవెనలే ఉంటాయి."

మాసిలామణి లేచి, "రోజూ బెల్లమే తింటే పళ్లు ఊడతాయి సెక్రటరీగారూ" అన్నాడు.

"మీ పళ్లు ఎలాగూ ఊడిపోయాయి కదా" అన్నాడు తంగదురై.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే చేతులెత్తేశాం. మాసిలామణి నావైపు ఒకసారి చూసి బయటికి వెళ్లిపోయాడు.

కార్డులు వచ్చాక కట్టలు విప్పి పెట్టెలో పోసింది నేనే. అప్పుడు తంగదురై నా భుజం మీద చెయ్యేసి, "ఆరు రకాలే వేయించా మాస్టారూ. ఎక్కువ రకాలైతే అచ్చు ఖర్చు ఎక్కువ. ఎవరి తలుపు వెనక ఏముందో ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. నేను ఇకిలించాను. ఆ ఇకిలింపు గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఆ జనవరి ఒకటి గురువారం. జనం కార్డులు తీసుకుని ఒకరికొకరు చూపించుకున్నారు. నీకూ తోకగా కాదు తలగా ఉంచుతానన్న వాక్యమే వచ్చిందా, నాకూ అదే! మా పిన్నికీ అదే! ఒక్కరికైనా అనుమానం రావాలి కదా. రాలేదు. "ఇంతమందికి ఒకే మాట వచ్చిందంటే దేవుడు ఈ ఏడు గట్టిగా చెబుతున్నాడన్నమాట" అని మురిసిపోయారు. మా విశ్వాసం అలాంటిది. తియ్యగా ఉంటే చాలు, ఈగ పడిందో లేదో చూడం.

మా సంఘంలో కిరుబై అనే ఆవిడ ఉంది. భర్త యేసువడియాన్ లారీ నడిపేవాడు. మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. ప్రతి మంగళవారం, శుక్రవారం పొద్దున్నే ఆరింటి బస్సుకి అతన్ని తిరునెల్వేలి తీసుకెళ్లి డయాలసిస్ చేయించుకొచ్చేది. మూడేళ్లుగా అదే పని. ఆ రోజు ఆవిడ చేతికి నిండు ఆయుష్షు ఇస్తానన్న కార్డు వచ్చింది. ఆవిడ అక్కడే మోకాళ్ల మీద పడి ఏడ్చింది. తంగదురై మైకు తెచ్చి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"ఇంక మేం బస్సెక్కం. దేవుడు మాటిచ్చాక సూదులు పొడిపించుకుంటే ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టే" అంది.

గుడంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

మర్నాడు శుక్రవారం వాళ్లు బస్సెక్కలేదు. మంగళవారమూ ఎక్కలేదు. బుధవారం పొద్దున మాసిలామణి మా ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

"మాస్టారూ, వాడి మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడటం లేదు. పాస్టరు అయ్యగారు వెళ్లి చెప్పారంట, వినలేదు. సెక్రటరీ దగ్గరికి వెళ్లాను."

"ఏమన్నాడు?"

"ఆవిడ నమ్మకం ఆవిడిది, మధ్యలో నన్నెందుకు లాగుతారు అన్నాడు. కార్డు మీద మాత్రం వాడి పేరు కావాలి, ఛీ!" ఆయన గుడివైపు చెయ్యి చూపించాడు. "మిగిలిన కార్డులు ఎక్కడున్నాయి?"

గుడి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఎందుకని అడగలేదు. నాకు అర్థమైంది. తాటాకు పెట్టె తీసుకుని ఇద్దరం వెళ్లాం.

యేసువడియాన్ మంచం మీద మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని నోటితో గాలి పీలుస్తున్నాడు. కిరుబై పక్కన కూర్చుని పాట పాడుతోంది. తలుపు వెనక కార్డు మెరుస్తోంది.

"రండి పెదనాన్నా. మీరూ ఒక మాట ప్రార్థన చెయ్యండి" అంది.

"చేస్తాను. ముందు ఇందులోంచి ఇంకో కార్డు తియ్యమ్మాయ్."

"ఒకసారి చెప్పాక మళ్లీ అడగడం తప్పు."

"సరే, నువ్వు తియ్యకు. చూడు." ఆయన పెట్టెని నేలమీద బోర్లించాడు. ముప్పై ఏళ్లు అక్షరాలు ఏరిన వేళ్లు. గుప్పెడు గుప్పెడు తీసి చకచకా వేరుచేశాడు. నేలమీద ఆరు కుప్పలయ్యాయి. ఒక కుప్పని ఆవిడ ముందుకి తోశాడు. "ఇదిగో, నిండు ఆయుష్షు. ఇక్కడే పదకొండున్నాయి. ఊళ్లో ఇంకో ముప్పై ఇళ్లలో ఉంటాయి. గుడిలో ఆ రోజు ఎవరు చెయ్యి పెట్టినా ఆరుగురిలో ఒకరికి ఇదే వస్తుంది. ఇది అచ్చాఫీసు లెక్క తల్లీ. నీ మొగుడి ఆయుష్షు లెక్క కాదు."

కిరుబై ఆ కార్డులు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. తర్వాత తలెత్తింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"మీ కార్డులు తీసిపారేశారని కుళ్లు మీకు! ఇన్నాళ్లకి నాకో మంచి మాట దొరికితే అది కూడా ఓర్వలేకపోయారా? చావబోయే మనిషి మంచం పక్కన కూర్చుని పేకాట పెడతారా?"

దానికి జవాబు నా దగ్గరుంది. మనిషి ప్రాణం పోతున్నా పరువు చూసుకునే జాతి మాది. గుమ్మం దాటి పారిపోదామనే అనిపించింది.

"ఆయన మాట నిజమే కిరుబై. ఆరు రకాలే. నేనే పెట్టెలో పోశాను. నాకు ముందే తెలుసు" అన్నాను.

"తెలిసే చప్పట్లు కొట్టారా?"

"కొట్టాను."

ఆవిడ తూ అని నా కాళ్ల ముందు ఉమ్మింది. అది నాకు దక్కాల్సిందే.

ఆవిడ ఇంకా ఏదో అనబోతుంటే మంచం మీంచి యేసువడియాన్ గొంతు వచ్చింది.

"కిరుబా... నా చెప్పులెక్కడ?"

ఆవిడ తిరిగి చూసింది.

"శుక్రవారమే అడుగుదామనుకున్నా" అన్నాడు, మాట మాటకీ ఆగుతూ. "నువ్వు అంత సంతోషంగా ఉన్నావు... అడగలేకపోయా."

కిరుబై వంగి మంచం కింద నుంచి చెప్పులు తీసి, అవి ఉబ్బిన ఆ కాళ్లకి ఎక్కకపోతే చేతిలోనే పట్టుకుంది. నేను ఆటో కోసం పరిగెత్తాను. ఆసుపత్రిలో ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే ఆవిడ వద్దంది.

అతను బతికాడు. మంగళవారం, శుక్రవారం బస్సు మళ్లీ మొదలైంది. ఊరు మాత్రం మాసిలామణిని క్షమించలేదు. విశ్వాసం చెరిపినవాడన్నారు. ఆయన సంచీతో వస్తుంటే తలుపులు దగ్గరికి వేసుకున్నారు. కిరుబై ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేది. పడక్కుర్చీలో కూర్చుని ఆయన, "మొగుడు దక్కాడు కదా, పోనీలే. నాతో మాట్లాడితే ఎంత, మానితే ఎంత" అనేవాడు. అయినా ఆవిడ వీధిలో వెళుతుంటే తల తిప్పి చూసేవాడు.

డిసెంబరు కమిటీలో తంగదురై మళ్లీ బంగారు అంచు కార్డులన్నాడు. ఈసారి ఎనిమిది రకాలట, జనం కోరారట. చేతులు లేచాయి. నేను ఎత్తలేదు. అంతకు మించి చేసిందీ లేదు. లేచి నిలబడి నోరు విప్పాల్సింది. విప్పలేదు.

ఈ జనవరి ఒకటి శుక్రవారం వచ్చింది. తెల్లవారుతుండగా మాసిలామణి ఇంటికి వెళ్లాను. అడిగేవాళ్లు లేకపోయినా ఆయన ఈ ఏడు కూడా రెండు వందల పన్నెండు రాసి పెట్టుకున్నాడని నాకు తెలుసు. ఒకటి తీసుకుందామని వెళ్లాను. అట్టపెట్టెలో చెయ్యి పెట్టబోతుండగా గేటు చప్పుడైంది. కిరుబై. చంకలో ఆసుపత్రి సంచీ, వెనక రోడ్డు మీద గోడకి ఆనుకుని యేసువడియాన్.

"నాకో కార్డు కావాలి" అంది, ఆయన మొహం చూడకుండా. "తియ్యటిది వద్దు."

"ఏరి ఇస్తే నా మాట అవుతుంది. నువ్వే తీసుకో."

ఆవిడ పెట్టెలో చెయ్యి పెట్టి తీసింది. ఏ రోజు కష్టం ఆ రోజుకి చాలు అని ఉంది. రెండుసార్లు చదివింది. కార్డుని సంచీలో మందుల చీటీల మధ్య జాగ్రత్తగా పెట్టుకుంది.

"మీతో నేనింకా మాట్లాడటం లేదు" అంది.

"నేనడిగానా? పో, బస్సొస్తుంది" అన్నాడు మాసిలామణి.

ఆవిడ గేటు దాకా వెళ్లి ఆగింది.

"మంగళవారం పొద్దున్నే ఇటొస్తా. ఏదైనా పుస్తకం చూసి ఉంచండి పెదనాన్నా, బస్సులో చదువుకునేలా. ఆయనకి అక్షరాలు పెద్దగా ఉండాలి."