డాక్టరమ్మకు చెప్పని గ్యాసు ముచ్చట

నాకు రాయడం సరిగ్గా రాదు. పెగడపల్లిలో ఐదో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత పలక పట్టింది లేదు. ఒత్తు ఎక్కడ, దీర్ఘం ఎక్కడ అని ఇప్పటికీ అనుమానమే. దవాఖానలో పనిచేసినవాళ్లు తలా ఒక ముచ్చట రాస్తే పుస్తకం వేస్తామని యూనియన్ వాళ్లు అంటే భయపడుతూనే కూర్చున్నాను. తప్పులు కనబడితే నవ్వకండి.

రెండోసారి కరోనా వచ్చిన ఎండాకాలం నన్ను జగిత్యాల నుంచి కోరుట్లకు డిప్యుటేషన్ మీద పంపారు. డిప్యుటేషన్ అంటే జీతం పాత చోట, పని కొత్త చోట. నేను ఆయమ్మను. దవాఖానలో అందరికన్నా పైన పెద్ద డాక్టరు, ఆయన కింద డ్యూటీ డాక్టర్లు, తర్వాత హెడ్ సిస్టర్, సిస్టర్లు, అందరికన్నా కింద మేము. పక్క గుడ్డలు మార్చడం, తుడవడం, లేవలేనివాళ్లకు అన్నీ ఎత్తడం, అన్నం పెట్టడం మా పని. కరోనా వార్డులోకి ఇంటివాళ్లను రానిచ్చేవారు కాదు. వాళ్లు గేటు దగ్గర టిఫిన్ డబ్బా ఇస్తే మేమే లోపలికి తెచ్చేవాళ్లం. అందుకే రోగి ఏం తింటున్నాడో, ఎట్లా పడుకుంటున్నాడో డాక్టరు కన్నా మాకే ముందు తెలిసేది.

అక్కడ ఒక పని కొత్తగా నేర్చుకున్నాను. ఊపిరి సరిగ్గా ఆడనివాళ్లను బోర్లా పడుకోబెట్టడం. ఛాతీ కింద ఒక దిండు, నడుము కింద ఒకటి, ముఖం పక్కకు. అట్లా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి బాగా అందుతుందట. వేలికి పెట్టే చిన్న మిషన్లో ఆక్సిజన్ నంబరు పెరగడం నా కళ్లతో చూశాను. అన్నం తిన్నాక కొంతసేపు కూర్చోబెట్టి అప్పుడు తిప్పాలని డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. అట్లానే చేసేవాళ్లం.

రాజేశం సిరిసిల్ల మనిషి. సాంచెలు నడిపేవాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. అక్కడ బెడ్డు దొరక్క, కోరుట్లలో తన చెల్లెలి ఇల్లుందని భార్య సత్తెమ్మ ఇక్కడికి తీసుకొచ్చింది. చేర్చుకునేటప్పుడు బీపీ, షుగర్, ఆస్తమా ఏమన్నా ఉన్నాయా అని సిస్టర్ అడిగింది.

"ఏం లెవ్వు మేడం, మంచిగున్న" అన్నాడు. ఆమె అదే రాసుకుంది.

తెల్లారి పక్క గుడ్డ మారుస్తుంటే దిండు కింద గోలీల పట్టీ కనబడింది.

"గివేంది తమ్మీ?"

"మెల్లగనక్కా! గ్యాసు గోలీలు. ఏండ్ల సంది మింగుతున్న. షెడ్డుల టైముకు తిండుండదాయె, చాయ మీద చాయ. పండుకుంటె పుల్లనీళ్లు గొంతు దాంక అస్తయి."

"మరి సిస్టరమ్మకు ఏం లెవ్వంటివి?"

"గ్యాసు గూడ రోగమేనా అక్కా? అందరికుండేదే గదా." అంటూనే ఒక పెద్ద తేన్పు వచ్చి గోడ వైపు తిరిగాడు. "సాంచెల చప్పుడుకు నా తేన్పులు ఎవ్వలికీ ఇనరావు. గీడ గప్‌చుప్‌ ఉన్నది, శరమైతుంది. డాక్టరమ్మకు చెప్పకు, నవ్వుతది."

"ఆమెకేం పనిలేదా, నీ తేన్పులు లెక్కవెడుతదా? ఊకో" అని నేనూ నవ్వాను. నాకూ అది రోగమనిపించలేదు. మా ఇళ్లలో ఛాతీ మండితే గ్యాసు, నడుము పట్టేస్తే గ్యాసు. సోడా తాగి పనికి పోతాం.

రాజేశానికి నోటి రుచి పోయింది, అన్నం ముట్టేవాడు కాదు. గేటు దగ్గర సత్తెమ్మ డబ్బాతో పాటు చిన్న సీసా నా చేతిలో పెట్టింది. మామిడికాయ తొక్కు, అంటే కారం పచ్చడి.

"కారం లేంది ముద్ద దిగుతలేదంట వదినె. సాటుకు వెట్టు" అంది.

తొక్కులు లోపలికి తేవద్దని రూలు. తెచ్చాను. తొక్కుతో కడుపునిండా తింటుంటే నాకే సంతోషమయ్యేది. తిన్నాక కూర్చోబెట్టి, తర్వాత అందరితో పాటు బోర్లా తిప్పేదాన్ని. తిప్పగానే దగ్గు మొదలయ్యేది.

"కూసుంటెనే పానం మంచిగుంటది అక్కా" అనేవాడు.

"మొండితనం జెయ్యకు తమ్మీ" అనేదాన్ని.

ఒకరోజు రౌండ్లో డాక్టరమ్మ అతని దగ్గర ఆగింది. "పడుకున్నప్పుడే ఎందుకు దగ్గుతుండు? ఆయమ్మా, బయటి తిండి ఏమన్న పెడుతున్నవా? ఛాతీల మంట అంటుండా?" అని నన్నే అడిగింది.

రాజేశం నా వైపు చూశాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది అతను చెప్పొద్దన్న మాట కాదు, తొక్కు సీసా. సిస్టర్ల ముందు తిట్లు పడతాయని గుర్తొచ్చింది.

"ఏం లేదమ్మా, మంచిగనే తింటుండు" అన్నాను.

ఆమె వైరస్ దగ్గే అనుకొని పక్క బెడ్డుకు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం తిన్నాక బోర్లా పడుకున్నవాడికి కడుపులోది గొంతులోకి ఎగదన్ని, ఊపిరాడక గింజుకున్నాడు. సిస్టర్ ఉరికొచ్చి పక్కకు తిప్పి, ట్యూబు పెట్టి నోట్లోదంతా లాగింది. పడిపోయిన నంబరు మళ్లీ లేవలేదు. వెంటిలేటర్ కోసం కరీంనగర్ పంపాలన్నారు. స్ట్రెచర్ తోస్తూ, పుల్లనీళ్లు, గోలీలు, తొక్కు, అన్నీ డాక్టరమ్మకు చెప్పాను.

"గీ మాట నిన్న చెప్పకపోతివి" అంది. అంతే. తిడితే బాగుండేది.

గేటు దగ్గర సత్తెమ్మ అప్పటికే రాత్రి అన్నం డబ్బా పట్టుకొని నిలబడి ఉంది. అంబులెన్సులో తన మొగుడే ఉన్నాడని తెలిసి డబ్బా నాకిచ్చి ఎక్కింది. డబ్బా లోపల తొక్కు సీసా ఉంది.

తర్వాత ఒకరోజు ధైర్యం చేసి డాక్టరమ్మను అడిగాను. పైకి ఎక్కే పుల్లనీళ్లు పడుకున్నప్పుడు కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి కూడా దిగొచ్చని, వైరస్‌తో దెబ్బతిన్న ఊపిరితిత్తులు దానికి తట్టుకోలేవని చెప్పింది. చాలాకాలంగా ఎసిడిటీ ఉన్నవాళ్లకు ఇట్లాంటి వైరస్‌లు ఎక్కువ గట్టిగా పడతాయని కొందరు డాక్టర్లు అంటున్నారట, ఇంకా పక్కాగా తేలలేదట.

"రాజేశానికి దేనితోని ఎక్కువైందో నేను చెప్పలేను. ఎరుక ఉంటే మాత్రం తలాపు ఎత్తుగ పెట్టిస్తుంటి, అన్నం తిన్నంక చానసేపటి దాంక బోర్ల తిప్పనియ్యకపోదును" అంది.

రాజేశం బతికాడు. వానలు పడ్డాక భార్యాభర్తలు కోరుట్లకు వచ్చారు. గేటు నుంచి మెట్ల దాకా నడవడానికే ఆయాసపడ్డాడు. సాంచెల దగ్గర నిలబడలేక, ఇంట్లో సత్తెమ్మతో కూర్చొని నూలు కండెలు చుడుతున్నాడట. మా దగ్గర అది ఆడవాళ్ల పని. ఇంతకుముందు తాను నేసిన చీర ఒకటి నా చేతిలో పెట్టాడు.

"నీ చేతి ముద్దలు తిని బతికిన అక్కా."

"తమ్మీ, ఆనాడు డాక్టరమ్మ అడిగినప్పుడు నేను..."

చుట్టూ మనుషులున్నారు. రాజేశం చెయ్యి అడ్డం పెట్టాడు. "గా తేన్పుల ముచ్చట గీడ ఎత్తకు అక్కా. అందరున్నరు, శరమైతది."

నేను చీర తీసుకున్నాను. ఇప్పటికీ దాని మడత విప్పలేదు.

రిటైరయ్యేదాకా కొత్త రోగి పక్క వేసేటప్పుడు ముందు ఒకటే అడిగేదాన్ని. పుల్ల తేన్పులు వస్తాయా, పడుకుంటే ఛాతీ మండుతుందా అని. అవునంటే అక్కడే సిస్టర్‌కు చెప్పేదాన్ని. కొందరు కోపం చేశారు, కొందరు నవ్వారు. రోగి సిగ్గుపడి దాచేదీ డాక్టరుకు తెలియాలి, తిట్లకు భయపడి ఆయమ్మ దాచేదీ తెలియాలి. ఈ కొలువులో నేను నేర్చుకున్నది ఇదే.

అక్షరాల్లో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి. మిగతాది మన్నించమని నేను అడగడం లేదు.